మేం ఎగువకి, స్వెట్టర్లు దిగువకి

ఒడిశాలోని మా బరంపురంలో చలికాలం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి క్యాలెండర్ అక్కర్లేదు. టిబెటన్లు వచ్చి వరసగా కొట్లు వేసి స్వెట్టర్లు వేలాడదీశారంటే వచ్చినట్టు, మూట కట్టేశారంటే పోయినట్టు. సముద్రం పక్క ఊరు కాబట్టి ఆ నెలల్లో నిజంగా స్వెట్టర్ వేసుకోవాల్సిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా ఇంట్లో ఉన్నవి అయిదారేళ్ళ కిందటివి. పిల్లల చేతులు పొడుగయ్యాయి, స్వెట్టర్ చేతులు అలాగే ఉన్నాయి.

క్రిస్మస్ సెలవులకి ఒడిశాలోనే ఉన్న చంద్రగిరి కొండల్లో ఒక లాడ్జి బుక్ చేశానని మావారు చెప్పగానే నాకు గొప్ప ఆలోచన వచ్చింది. ఆ టిబెటన్ల ఊరు చంద్రగిరే కదా! ఇక్కడ కొనడమెందుకు, అక్కడికెళ్ళి కొనుక్కుంటే చవగ్గా వస్తాయి. కొత్త డిజైన్లు కూడా దొరుకుతాయి. విశాఖపట్నం నుంచి వస్తున్న వదినకి ఫోన్ చేసి, "మీరేం కొనకండి వదినా, అక్కడ కొందాం" అని కూడా చెప్పాను. ఆ మాట వదిన నాకు ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంది.

డిసెంబరు 23

ఏడింటికి అనుకుని తొమ్మిదిన్నరకి బయల్దేరాం. మేం నలుగురం, అత్తయ్య, వదిన, అన్నయ్య, ఇంజనీరింగ్ చదువుతున్న వాళ్ళబ్బాయి. ఎనిమిది మంది, రెండు కార్లు. ఒకరి చార్జర్ దొరికేసరికి ఇంకొకరి చెప్పు కనపడదు. అత్తయ్య మాత్రం ఆరింటికే పులిహోర డబ్బా, ఉసిరికాయ పచ్చడి సీసా ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నారు.

దిగపహండి దాటాక కొండలు దగ్గరపడ్డాయి. బరంపురం నుంచి 50 కిలోమీటర్లలో తప్తపాణి. కొండ లోపలి నుంచి గంధకం కలిసిన వేడినీళ్ళు ఉబికి కుండంలోకి వస్తాయి. పక్కనే అమ్మవారి గుడి. వదిన ముక్కు మూసుకుని "కుళ్ళిన గుడ్డు వాసన" అంది. అత్తయ్య ఆ నీళ్ళు తల మీద జల్లుకుని, "మా పర్లాకిమిడి ఇంట్లో కాగులో నీళ్ళు ఇంతే వేడిగా ఉండేవి" అన్నారు. ఏ ఊళ్ళో ఏ వింత చూసినా అత్తయ్యకి తన పుట్టింటి ఊరు పర్లాకిమిడిలో దానికొక జోడీ ఉంటుంది.

మా చిన్నదానికి ఎనిమిదేళ్ళు. ఒడియా మీడియం బడి. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ రాయడం రాదు, రాతంతా ఒడియాలోనే. సెలవుల్లో ఏదైనా రాసుకు రమ్మని టీచర్ చెప్పిందట, కొత్త నోటుబుక్ తెచ్చుకుంది. "పాణి అంటే చెయ్యి అని మామ్మ చెప్పిందే, మరి తప్తపాణి అంటే వేడి చెయ్యా?" అని అడిగింది. చక్రపాణిలో పాణి చెయ్యి, ఒడియా పాణి నీళ్ళు అని చెప్పాను. నోటుబుక్కులో మొదటి పేజీలో రెండు మాటలు పడ్డాయి: నీళ్ళు, పాణి.

అక్కడి నుంచి ఘాట్ రోడ్డు. మా పెద్దాడు వాంతి చేసుకున్నాడు. ఆ సంగతి రాయొద్దన్నాడు గానీ రాస్తున్నాను.

లాడ్జి చేరేసరికి మూడున్నర. కొండవాలులో నాలుగు పెంకుటి గదులు, ముందు పొడుగాటి వరండా, ఎదురుగా కోసేసిన మొక్కజొన్న చేలు. అన్నయ్య కారు దిగి ఒళ్ళు విరుచుకుని "ఆహా" అన్నారు. అయిదు దాటాక ఆ ఆహా కాస్తా హాహాహా అయింది. ఎండ కొండ వెనక్కి వెళ్ళీ వెళ్ళగానే చలి నేలలోంచి లేచింది. కాళ్ళ దగ్గర మొదలై పైకెక్కుతోంది. మా పెద్దాడి ఫోన్ తొమ్మిది డిగ్రీలు చూపించింది. అప్పటికి రాత్రి కూడా కాలేదు.

బుక్ చేసినప్పుడు "24 గంటలూ వేడినీళ్ళు" అని రాసి ఉంది. కుళాయి తిప్పితే మంచునీళ్ళు. లాడ్జి చూసుకునే ఆయన సవరాయన, ఈ కొండల్లోని గిరిజన తెగ మనిషి. ఆయన భార్యే వంట చేస్తుంది. మేం ఒడియా వాళ్ళ పద్ధతిలో మావుసా, మావుసి అని పిలిచాం. మావుసా పైకప్పు వైపు చూపించి సోలార్ అన్నాడు. మరి 24 గంటలూ అన్నారే అని మావారు అడిగితే, "ఎండుంటే వస్తాయి బాబూ" అన్నాడు. ఈ మాట బోర్డు మీద రాసుంటే ఏ గొడవా ఉండేది కాదు.

గదికి రెండు పల్చటి రగ్గులు ఇచ్చారు. రాత్రి పది దాటాక వదిన తన రగ్గులు చంకన పెట్టుకుని మా గదికి వచ్చేసింది. కాసేపటికి అన్నయ్య, ఆ తర్వాత వాళ్ళబ్బాయి. మూడు గదులకి డబ్బు కట్టి ఎనిమిది మందిమీ ఒకే గదిలో, పరుపులు నేల మీద పరుచుకుని పడుకున్నాం. మావుసి కుంపటిలో బొగ్గులు రాజేసి తెచ్చింది. మావారికి బొగ్గు పొగంటే భయం. కిటికీ తెరిచే ఉంచాలని, పడుకునే ముందు కుంపటి బయట పెట్టేయాలని పట్టుబట్టారు. కిటికీ తెరిస్తే కుంపటి ఎందుకని వదిన. అక్కాతమ్ముళ్ళ వాదన పదకొండింటి దాకా సాగింది. చివరికి కుంపటి బయటికి పోయింది, కిటికీ మూసుకుంది. అత్తయ్య అప్పటికే గుర్రు పెడుతున్నారు.

డిసెంబరు 24

తెల్లారేసరికి మావుసి రాళ్ళ పొయ్యి మీద పెద్ద డేగిసాతో నీళ్ళు కాచింది. తలకి బకెట్టు. ఆ పొయ్యి చుట్టూ నిలబడి చేతులు కాచుకుంటూ తాగిన టీ, ఆ తర్వాత చోడి అంబలి, ఈ అయిదు రోజుల్లో నాకు బాగా గుర్తున్నవి అవే. రాగులన్నా చోళ్ళన్నా ఒకటే. మావుసి ఒడియాలో మాండియా అంది. అంబలిలో అత్తయ్య ఉసిరికాయ పచ్చడి నంజుకుంటే, ఆ పులుపుకి మావుసి కూడా ఇంకో ముక్క అడిగి వేసుకుంది.

తర్వాత ఊళ్ళోకి, స్వెట్టర్లకి.

1959లో దలైలామా టిబెట్ వదిలి వచ్చాక ఆయన వెనక వేలమంది వచ్చారు. వాళ్ళలో కొందరికి 1963లో ఈ కొండల్లో భూములిచ్చి స్థిరపరిచారు. ఊళ్ళని ఇప్పటికీ క్యాంపులంటారు, నంబర్లతో. ఇళ్ళ మీద రంగురంగుల ప్రార్థన జెండాలు, గుమ్మాల్లో బంతిపూల కుండీలు, పెరళ్ళలో గొలుసులకి కట్టేసిన పొడుగు జుట్టు కుక్కలు. ఒక్కటి మొరిగితే మా చిన్నది కారెక్కేసింది.

రెండు క్యాంపులు తిరిగాం. ఇళ్ళకి తాళాలు, కొట్లకి తాళాలు. ముసలివాళ్ళు ఎండలో కూర్చుని జపమాల తిప్పుకుంటున్నారు. ఒక చిన్న హోటల్ తెరిచి ఉంటే లోపలికి వెళ్ళి, నూడుల్స్ వేసిన పులుసు, థుక్పా అంటారు, ఎనిమిది గిన్నెలు చెప్పాం. హోటల్ నడిపేది డెబ్బై దాటిన పెద్దావిడ. స్వెట్టర్లు ఎక్కడ దొరుకుతాయి అని ఒడియాలో అడిగాను.

ఆవిడ గరిటె పక్కన పెట్టి నన్ను నిదానంగా చూసింది. మీదే ఊరు అంది. బరంపురం అన్నాను. అంతే, కళ్ళు మూసుకుపోయేలా నవ్వింది. మా వాళ్ళందరూ అక్కడే ఉన్నారు కదా, నువ్విక్కడికి వచ్చావా!

నిజమే. దసరా వెళ్ళగానే వయసులో ఉన్నవాళ్ళంతా సరుకు తెచ్చుకుని మైదానాల్లోని ఊళ్ళకి దిగిపోతారు. చలి తగ్గాక తిరిగొచ్చి కొత్త సంవత్సరం, లోసార్ పండగ చేసుకుంటారు. సరుకు కూడా వీళ్ళు ఇక్కడ అల్లేది కాదు. లూధియానా లాంటి చోట్ల నుంచి తెచ్చి అమ్ముతారు. అంటే నేను ఏ స్వెట్టర్ కోసం కొండెక్కానో అది ఈ ఊరి మొహం కూడా చూడకుండా మా ఇంటి పక్క వీధికి చేరుతుందన్నమాట. వదిన ఏమీ అనలేదు. శాలువా ఇంకాస్త గట్టిగా చుట్టుకుని నా వైపు చూస్తూ పులుసు తాగింది.

మేం తెలుగులో మాట్లాడుకోవడం విని పెద్దావిడ ఉన్నట్టుండి "తగ్గదమ్మా, ఒకటే రేటు" అంది. అందరం ఉలిక్కిపడ్డాం. ఆవిడ చాలా ఏళ్ళు విజయనగరం, విశాఖపట్నాల్లో స్వెట్టర్లు అమ్మిందట. తెలుగు మాట్లాడటం రాదు, అమ్మే తెలుగు మాత్రం వచ్చు: తగ్గదమ్మా, సైజుంది, రంగు పోదు, రేపు రండి, చిల్లర లేదు. వరసగా అప్పజెప్పింది. మరి తెలుగువాళ్ళు ఏమనేవారు అని మా పెద్దాడు అడిగితే, చెయ్యి ఊపుతూ "లాస్టు చెప్పు, లాస్టు చెప్పు" అని వదిన గొంతులా సాగదీసింది. వదిన ఆ రోజుకి మొదటిసారి నవ్వింది.

నీళ్ళని టిబెటన్‌లో ఏమంటారని మా చిన్నది అడిగింది. "ఛు". మూడో మాట.

మధ్యాహ్నం జిరంగ్‌లోని పద్మసంభవ మహావిహార అనే బౌద్ధ మఠానికి వెళ్ళాం. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. అడవి మధ్యలో హఠాత్తుగా బంగారు రంగు కప్పులు కనిపిస్తాయి. లోపల హాల్లో పెద్ద విగ్రహాలు, గోడల నిండా బొమ్మలు. చెప్పులు విప్పి నడిస్తే నేల చల్లదనం మోకాళ్ళ దాకా లాగింది, దాంతో ఉండాల్సినంతసేపు ఉండలేకపోయాం. టిబెట్‌కి బౌద్ధాన్ని తీసుకెళ్ళిన గురువు పద్మసంభవుడు పుట్టింది ఒడ్డియానం అనే దేశంలో అంటారు. అది పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ అని చాలామంది పండితుల మాట, మా ఒడిశాయే అని ఇక్కడివాళ్ళ పట్టు. మావారు ఇది వివరంగా చెబుతుంటే వదిన మధ్యలో అందుకుని "ఒడ్డాణమా? ఎన్ని తులాలు?" అంది. ఆ చర్చ అక్కడితో ఆగిపోయింది. బయట మెట్ల దగ్గర ఎర్ర బట్టల చిన్న భిక్షువులు చెప్పు విసిరి వికెట్ కొడుతున్నారు.

రాత్రి తొమ్మిది తర్వాత దూరంగా డప్పులు వినపడ్డాయి. ముందు ఒక లాంతరు, తర్వాత పదిహేనుమంది పిల్లలూ పెద్దలూ. క్రిస్మస్ పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతున్నారు. గజపతి జిల్లాలో సవరలు చాలామంది క్రైస్తవులు. ఏ కొండ మీద చూసినా ఒక చిన్న చర్చి, దాని ముందు వెదురుతో కట్టిన నక్షత్రం. పాట సవరలో. ఏసు అన్న మాట తప్ప ఒక్కటీ అర్థం కాలేదు. డప్పు మాత్రం కింద జాతరల్లో వినే డప్పే. రగ్గులు కప్పుకుని వరండాలో నిలబడి విన్నాం. వాళ్ళలో సగంమందికి స్వెట్టర్లు లేవు.

డిసెంబరు 25

మావుసా, మావుసి పొద్దున్నే చర్చికి వెళ్ళారు. వంట మేమే చేసుకున్నాం. కట్టెల పొయ్యి వదినకీ నాకూ లొంగలేదు. అత్తయ్య రెండు కట్టెలు బయటికి లాగి, ఒకటి అడ్డంగా పెట్టి, గొట్టంతో ఒక్క ఊదు ఊదారు. భగ్గుమంది.

మధ్యాహ్నం మావుసి కొత్త చీరలో వచ్చింది, ఆకులో అరిసెలు తెచ్చింది. ఒడియాలో అరిసా పిఠా అంటారు గానీ మన అరిసే. మనం సంక్రాంతికి చేస్తాం, వాళ్ళు క్రిస్మస్‌కి చేశారు. పాకం ముదురు చూసి "మా పర్లాకిమిడిలో ఇలాగే..." అని అత్తయ్య మొదలెట్టగానే పిల్లలు మిగతాది కోరస్‌గా పూర్తి చేశారు.

మా చిన్నది నోటుబుక్ తెచ్చి మావుసిని అడిగింది, నీళ్ళని సవరలో ఏమంటారని. ఆవిడ చెప్పింది. డాన్ అని రాసుకుంది. మావుసి తల అడ్డంగా ఊపి మళ్ళీ చెప్పింది. ఈసారి నేనూ విన్నాను. "డా" తర్వాత గొంతు ఒక్క క్షణం పట్టేసినట్టు ఆగుతుంది, ఆగి "అన్" అంటుంది. డాఅన్ అని రాస్తే ఆ ఆగడం రాదు. ఒడియాలో దానికి అక్షరం లేదు, తెలుగులో లేదు. విసర్గ పెడదామా అన్నాను, అరసున్న పెడదామా అన్నారు అన్నయ్య. మా పెద్దాడు హ్యాష్‌ట్యాగ్ పెట్టమన్నాడు. మావుసి ఒక్కొక్కరి చేత పలికించి నవ్వుతోంది. మాకెవ్వరికీ రాలేదు. అత్తయ్యకి మాత్రం దాదాపు వచ్చింది.

"గిడుగు వారు దీని గురించే కదే చెవులు పోగొట్టుకున్నది" అన్నారు అత్తయ్య.

మా పిల్లలకి గిడుగు రామమూర్తి పేరు తెలీదు. తెలుగు బడిలో చదివి ఉంటే ఏటా ఆగస్టు 29న వినేవాళ్ళు. అత్తయ్య తాతగారు పర్లాకిమిడి రాజావారి బడిలో ఆయన దగ్గర చదువుకున్నారట. అందుకని గిడుగు వారి విషయం అత్తయ్యకి ఇంటి మనిషి కబురు లాంటిది. ఆయన ఈ సవరల భాష మీద మనసుపడి, ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైన్‌తో చెవుడు వచ్చింది. 1931లో సవర భాష మీద ఆయన పుస్తకం మద్రాసులో అచ్చయింది. చదువుకున్నవాళ్ళ తెలుగుని గ్రాంథికం నుంచి విడిపించిన మనిషి చెవి అసలు సాధన చేసింది ఇలాంటి మాటల మీద అని నేనూ ఆ రోజే ఆలోచించాను. గొంతు పట్టి ఆగే ఆ చిన్న చప్పుడు వినడానికి చెవి ఎంత పదునుగా ఉండాలి! ఆ చెవే పోయింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్ళింది. ఆయన దాన్ని ఒప్పుకోలేక ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అదే ఏడు మాంగై గొమాంగో అనే సవరాయన తమ భాషకి సొంత లిపి తయారుచేశారు, సొరాంగ్ సొంపెంగ్ అని. ఇరవై నాలుగు అక్షరాలు. ఇప్పటికీ సవరని ఒకరు ఆ లిపిలో, ఒకరు ఒడియాలో, ఆంధ్రా వైపు తెలుగులో, ఇంకొందరు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నారు. మా చిన్నది చివరికి ఒడియాలో డా రాసి, పక్కన చిన్న చెయ్యి బొమ్మ వేసింది, ట్రాఫిక్ పోలీసు ఆపినట్టు. నాకు నచ్చింది.

డిసెంబరు 26

పొగమంచు. పదకొండింటి దాకా ఎదురు చేను కనపడలేదు. సోలార్ సంగతి చెప్పక్కర్లేదు. పేకాట. అన్నయ్య గెలిచారు. కందికాయలు ఉడకబెట్టుకు తిన్నాం. అంతే.

డిసెంబరు 27

తిరుగు ప్రయాణం వచ్చిన దారినే పెట్టుకుంటే మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాళ్ళం. కానీ నాలుగు రోజులుగా ఇన్నిసార్లు పేరు విన్నాక పర్లాకిమిడి చూడకుండా ఎలా? ఆర్. ఉదయగిరి మీదుగా దిగాం. దారంతా మలుపులే. మా పెద్దాడు ఈసారి ముందు సీటు అడిగి తీసుకున్నాడు. రోడ్డు పక్క కొండ చీపుర్లు అమ్ముతుంటే అత్తయ్య నాలుగు కొన్నారు. ఇంట్లో ఇప్పటికే మూడున్నాయి.

పర్లాకిమిడిలో అత్తయ్య పుట్టిల్లు ఎప్పుడో అమ్మేశారు. ఆ చోట ఇప్పుడు మొబైల్ షాపు. ఆవిడ కారు దిగలేదు. అద్దం దించి చూసి "సరే, పదండి" అన్నారు. రాజావారి కోట దగ్గర మాత్రం దిగారు. కృష్ణచంద్ర గజపతి పేరు మీదే 1992లో ఈ జిల్లా పెట్టారు. ఆయన 1937లో ఒరిస్సాకి మొదటి ప్రధానమంత్రి, అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు. "రాజు ఒరిస్సాలో కలపమన్నాడు, పంతులు వద్దన్నాడు. రాజు మాటే నెగ్గింది" అన్నారు అత్తయ్య. ఎవరి పక్షమో చెప్పలేదు.

స్టేషన్ ముందు ఆగినప్పుడు మాత్రం ఆపితే ఆగలేదు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న రైలు, తర్వాత గుణుపురం దాకా వెళ్ళింది. అత్తయ్య పెళ్ళయ్యాక దాన్లోనే వచ్చారట. ఎత్తు దగ్గర పెట్టెలోంచి దిగి పక్కన నడిచేవాళ్ళట కుర్రాళ్ళు. కిటికీలోంచి రేగుపళ్ళు కోసుకునేవాళ్ళట. 2004లో అది ఆగిపోయి, తర్వాత పెద్ద లైను వచ్చింది. "ఇప్పుడిది వేగంగా వెళ్తుందిగా అమ్మమ్మా" అన్నాడు మేనల్లుడు. "వెళ్తుంది. రేగుపళ్ళు అందవు."

ఊరి పక్క మహేంద్రతనయ. మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే ఏరు. వంతెన దాటితే పాతపట్నం, ఆంధ్రా. బోర్డుల మీద అక్షరాలు మారాయి, షాపులో మనిషి మాట మాత్రం మారలేదు. ఒడిశాలోని మా ఇంటికి వెళ్ళడానికి ఒడిశా వదిలి, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం దాటి మళ్ళీ ఒడిశాలోకి రావాలి. టెక్కలి దగ్గర వదిన వాళ్ళు విశాఖపట్నం వైపు తిరిగారు. కారెక్కుతూ "వచ్చే ఏడు స్వెట్టర్లు ఎక్కడ కొనాలో ముందే చెప్పు" అంది.

బరంపురంలో చలే లేదు. ఫ్యాను కూడా వేశాం. అయినా మర్నాడు సాయంత్రం పట్టుదలగా టిబెటన్ల కొట్టుకి వెళ్ళాను. పాతికేళ్ళ అమ్మాయి. చంద్రగిరి వెళ్ళొచ్చామని చెప్పగానే స్టూలు జరిపి కూర్చోమంది. ఏ క్యాంపు చూశారు, మంచు పడిందా, రోడ్డు ఎలా ఉంది, మొక్కజొన్న చేలు దున్నేశారా. అక్టోబరులో వచ్చిందట, మళ్ళీ ఫిబ్రవరిలోనే వెళ్తుందట. అన్నీ చెప్పాను. హోటల్ పెద్దావిడ గురించి కూడా చెప్పాను. ఆవిడ నాకు తెలుసు అంది.

ఇంత చుట్టరికం కలిశాక, మెరూన్ స్వెట్టర్ చేతిలో పట్టుకుని యాభై తగ్గించమన్నాను.

"తగ్గదమ్మా" అంది, తెలుగులో.